సిద్దిపేట వరుస

ఫాల్ గుడ్డను నానబెట్టకుండా చీరకు కుడితే మొదటి ఉతుక్కే ముడుచుకుపోతుంది. అంచంతా పైకి లాగేసి, కట్టుకున్నామెను నలుగురిలో నవ్వులపాలు చేస్తుంది. అందుకని షమ్షున్నీసా పొద్దున్నే తొమ్మిది ఫాల్ గుడ్డలు బకెట్లో వేసింది. ఇప్పుడు ఒక్కొక్కటే తీసి, మెలిపెట్టకుండా పిండి, రెండు కొసలూ పట్టి దులిపి, వెనక వాకిట్లో తీగ మీద ఆరేస్తోంది. మెరూన్ గుడ్డ ఇంకా రంగు వదులుతూనే ఉంది. దాన్ని వేరే మగ్గులో వేసి పక్కన పెట్టింది.

వీధిలో స్కూటీ ఆగింది. ఆపే ముందు ఒకసారి గట్టిగా రేస్ చేసి ఆపడం జహీర్ అలవాటు. తమ్ముడు ఈ గడప తొక్కి రెండు నెలలు దాటింది. ఆమె తడి చేతులు దుపట్టాకు తుడుచుకుంటూ లోపలి గదిలోకి వచ్చేసరికి, ముందు గదిలోంచే అతను గొంతు తగ్గించి అన్నాడు.

"ఆపా, పరదా ఏసుకో. మనుషులున్నరు."

బాగున్నవా అని కూడా అడగలేదు. ఆమె పరదా లాగి, దాని వెనక స్టూలు మీద కూర్చుని, కుట్టు మిగిలిన చీర ఒడిలోకి తీసుకుంది. ఆ ఇల్లు రెండే గదులు, ఒకదాని వెనక ఒకటి. ముందు గది ఒకప్పుడు వాళ్ల అబ్బా ఖుతుబుద్దీన్ నడిపిన క్యాసెట్ రికార్డింగ్ దుకాణం. దాని బోర్డు ఇప్పుడు ఆ గదిలోనే రెండు డ్రమ్ముల మీద బోర్లా పడి ఉంది. షమ్షున్నీసా దాని మీద దుప్పటి పరిచి చీరలు ఇస్త్రీ చేస్తుంది.

"గిదేనా సార్ ఆ జాగ?" వచ్చిన ఇద్దరిలో వయసులో చిన్నవాడి గొంతు.

"గిదే, అరుణ్. నేను దౌల్తాబాద్ నుంచి సైకిల్ మీద వచ్చి గీ గడప కాడ నిలవడుతుంటి. లోపలికెళ్లి టక్కుమని బటన్ చప్పుడు వినవడుతుండె. చేసే మనిషి మాత్రం ఎన్నడు కనవడలే." ఆ మాటన్నది ప్రభాకర్ సార్. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడని జహీర్ మధ్యలో అందించాడు.

"లోపలికి అబ్బా ఎవ్వర్ని రానియ్యకపోతుండె సార్. డెక్కుల మీద దుమ్ము వడ్తదని," అన్నాడు జహీర్.

దుమ్ము మాట నిజమే. పద్దెనిమిదేళ్ల పిల్ల చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ డెక్కుల ముందు కూర్చుని ఉండేదన్నది కూడా నిజమే. జహీర్ అప్పుడు బయట కౌంటరు దగ్గర చీటీలు రాసుకునేవాడు. షమ్షున్నీసా సూది గుచ్చి, దారం లాగి, మళ్లీ గుచ్చింది.

అరుణ్‌కుమార్ హైదరాబాద్ నుంచి వచ్చాడు. మాట్లాడటం మొదలుపెడితే గాలి కూడా పీల్చుకోడేమో అనిపించింది ఆమెకు. "జహీర్ భాయ్, స్లేట్ హార్బర్ బ్యాండ్ అంటే లోకమంత మూడు ఆల్బములే చెప్తది. ఈ నాలుగోదాన్ని చెత్త అన్నరు. పేపరోళ్లు చెత్తన్నరు, ఫ్యాన్స్ చెత్తన్నరు, ఆఖరికి పాడినాయన గూడ తప్పయింది మాఫ్ చేయుండ్రి అన్నడు. ఎందుకంటే మొదటి పాటనే పెండ్లి బరాత్ లెక్క ఉంటది. అది ఇని మిగతాది ఎవడు ఇనలే. మొన్న ప్రభాకర్ సార్ దగ్గర మీ క్యాసెట్ ఇన్న. దిమాక్ ఖరాబయింది భాయ్! రెండో వైపు ముందుకొచ్చింది. ఆ బరాత్ పాట నడుమ వడ్డది. నడుమ వడితే అది గూడ ముద్దుగనే ఉంది. ఇగ ఆఖరి పాట! అసలు దాంట్లో ఆఖరికి డ్రమ్ముల లొల్లి ఉంటది. మీ దాంట్ల లొల్లి రాకముందే గిటార్ అట్ల సన్నగ, సన్నగ..."

ఆ సన్నదనాన్ని అతను చేత్తో చూపిస్తున్నట్టున్నాడు.

"మా గ్రూపుల రెండువేల మంది ఉన్నం. బెంగళూరోళ్లు, కలకత్తోళ్లు, బయటి దేశమోళ్లు. ఇప్పుడు అందరు గిదే వరుసల పెట్టుకొని ఇంటున్రు. సిద్దిపేట వరుస అని పేరు గూడ పెట్టిన్రు. ఇంత మంచి ఆల్బమ్‌ను ఇన్నేండ్లు తొక్కిపెట్టినమా అని తిట్టుకుంటున్రు. ఎట్ల తట్టింది భాయ్ నీకు? రెండో వైపు ముందు ఎందుకు ఎక్కిచ్చినవ్?"

షమ్షున్నీసా సూది ఆపింది.

"బిర్యానీ తినేటప్పుడు," అన్నాడు జహీర్ నెమ్మదిగా, "పైపైన తెల్ల బువ్వ పెట్టుకుంటమా భాయ్? గరిటె అడుగుదాక పోనిచ్చి తీస్తం. మసాలంత అడుగున ఉంటది."

"అబ్బ! గిదే మాట ఐతారం కెమెరా ముంగట చెప్పాలె!"

పరదా వెనక ఆమెకు నవ్వొచ్చింది. దారం పళ్లతో కొరికి నవ్వును ఆపుకుంది. ఆ ఆల్బమ్ అసలు కంపెనీ క్యాసెట్ ఎవరో ఇచ్చినప్పుడు మొదటి వైపు చివరిదాకా నడిచి ఉంది. డెక్కులో వెనక్కి తిప్పితే మోటరు పోతుందని అబ్బా ఒప్పుకునేవాడు కాదు, పెన్సిలు పెట్టి చేత్తోనే తిప్పాలి. ఆ సాయంత్రం ఆమె చేతులకు రొట్టెల పిండి ఉంది. పెన్సిలు పట్టుకోలేక, మునివేళ్లతో క్యాసెట్టును తిరగేసి పెట్టింది, అంతే. ఆ వరుసలోనే తర్వాత అందరికీ ఎక్కించింది.

కానీ చివర సన్నబడటం మాత్రం పొరపాటు కాదు. అరవై నిమిషాలని అట్ట మీద రాసి ఉన్నా లోకల్ టేపులు ఒక్కో వైపు ఇరవై ఎనిమిది నిమిషాలు కూడా నడిచేవి కావు. డ్రమ్ముల మధ్యలో పాట పీక నొక్కినట్టు తెగిపోయేది. అది ఆమె ఓర్చుకోలేకపోయింది. అందుకే గిటారు ఇంకా మోగుతుండగానే, గంజి వార్చేటప్పుడు గిన్నె వంచినంత నిదానంగా, డెక్కు మీది చప్పుడు తగ్గించే గుండీ తిప్పుతూ వచ్చేది.

పరదా అంచు సందులోంచి ప్రభాకర్ సార్ కనిపించాడు. నెరిసిన గడ్డం, జేబులో రెండు పెన్నులు. కుర్చీ మీది చీరల దొంతరకు గుచ్చిన చీటీలు చూస్తున్నాడు. వాటి మీద షమ్షున్నీసా వేసిన నంబర్లున్నాయి. ఆమె ఏడు అంకెకు నడుమ గీత పెడుతుంది, నాలుగును విప్పిన కత్తెరలా రాస్తుంది. ఆయన తన క్యాసెట్ డబ్బా తెరిచి, పాటలకు నంబర్లు వేసిన లోపలి అట్ట బయటికి లాగాడు. అట్ట చూశాడు. చీటీ చూశాడు. తర్వాత తలెత్తి పరదా వంక చూశాడు.

ఆమె స్టూలు మీద వెనక్కి జరిగింది.

ఆయన అట్టను మళ్లీ డబ్బాలో పెట్టి టక్కుమని మూశాడు. "పోదాం పా అరుణ్. కోమటిచెరువు కాడ ఎండ ముదరకముందే వీడియో తీసుకుంటనంటివి గద."

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక జహీర్ మళ్లీ వచ్చాడు. ఈసారి ఒక్కడే వచ్చాడు. జిలేబి పొట్లం తెచ్చాడు. నిన్న వచ్చిన మనిషి ఇవాళ కూడా రావడం ఈ ఇంట్లో జరిగి ఏళ్లయింది. ఆమె చాయ్ పెట్టి, గూట్లోంచి రెండో కప్పు తీసింది. అడుగున దుమ్ముంటే కడిగింది.

అతను అటకెక్కి డెక్కులు దించాడు. ఒకటి క్యాసెట్ నడిపేది, ఒకటి రికార్డు చేసేది. రెండూ అబ్బా పాత లుంగీల్లో చుట్టి ఉన్నాయి. ఎల్లుండి ఐతారం నాడు అరుణ్‌కుమార్ కెమెరాతో వస్తాడట. అదే ఆల్బమ్‌ను అదే వరుసలో, అదే డెక్కు మీద మళ్లీ ఎక్కించి చూపించాలట.

"బెల్టు చూడు ముందు," అంది ఆమె.

మరలు విప్పి వెనక రేకు తీస్తే, బెల్టు ఉండాల్సిన చోట నల్లటి తారులాంటి జిగట మిగిలింది. ఆమె పుల్లకు దూది చుట్టి, స్పిరిట్లో ముంచి, చక్రాల మీది జిగటను కొంచెం కొంచెంగా తుడిచింది. నాలుగు దూదులు నల్లబడ్డాయి. అరుణ్‌కుమార్ బస్సులో పంపిన కొత్త బెల్టును గోటితో అందుకుని రెండు చక్రాల చుట్టూ వేసింది. చూడకుండానే వేసింది. తర్వాత టేపు ఒరుసుకుంటూ పోయే హెడ్డును, కాటుక తుడిచినట్టు, ఒక్క వైపుకే తుడిచింది. జహీర్ మోకాళ్లు మడిచి కూర్చుని, మెకానిక్ ముందు బండి వదిలిన మనిషిలా చూస్తున్నాడు.

"నాకు నేర్పు ఆపా. గా తిప్పుడు ఒక్కటి నేర్పు సాలు."

గుండీ నిజానికి రెండు చక్రాలు, ఒకదాంట్లో ఒకటి ఇమిడి ఉంటాయి. బయటిది కుడి స్పీకరుది, లోపలిది ఎడమది. రెండు వేళ్ల మధ్య రెంటినీ ఒక్కటిగా పట్టి తిప్పాలి. జహీర్ పట్టుకుంటే బయటిది కదిలింది, లోపలిది కదల్లేదు.

"గట్టిగ వట్టకు. సూదిల దారం ఎక్కిచ్చినట్టు వట్టు."

"నేనెప్పుడు ఎక్కిచ్చిన సూదిల దారం?"

ఐదుసార్లు ప్రయత్నించాడు. జిలేబి పాకం వేళ్లకు అంటి ఇంకా జారింది. చివరికి చేయి తీసేసి, "నువ్వే తిప్పు. నేను నీ పక్కకే కూసుంట. పరదా ఏసే ఉంటది. అప్పటి లెక్కనే," అన్నాడు.

"ఎవరు చేసిన్రని చెప్పినవ్ వాళ్లకు?"

అతను గోడ వైపు చూశాడు. "నన్నెవరు అడిగిన్రు? నువ్వే గద భాయ్ అన్నరు. ఊకున్న."

ఆమె లుంగీ మడతపెట్టింది.

"ఊకున్నదాన్ని ఇప్పుడు ఎట్ల మలుపాలె చెప్పు? నా సెల్‌ఫోన్ దుకాండ్ల పొద్దటిసంది అన్నా గ్లాస్ ఏస్తవా, అన్నా చార్జర్ ఉన్నదా అంటరు. పేరు పెట్టి పిలిచేటోడు ఒక్కడు లేడు. గా గ్రూపుల తెల్లారితే చాలు, జహీర్ భాయ్ జహీర్ భాయ్ అని... షబ్నమ్ గూడ నవ్వుతున్నది, ఏంది నీకు గింత పేరున్నదా అని."

షబ్నమ్ అతని భార్య. షమ్షున్నీసా తమ్ముడి ముఖం చూసింది. కౌంటరు మీద చదువుకుంటూ నిద్రపోయే పిల్లవాడి ముఖం అందులో ఇంకా ఉంది. లోకంలో తన చేతులతో చేసిన పని ఒకటుందని, రెండువేల మంది దాన్ని పేరు పెట్టి పిలుస్తున్నారని నిన్నటిదాకా ఆమెకు తెలియదు. తెలిసిన రోజే అది తమ్ముడి పేరు మీద ఉందని కూడా తెలిసింది. ఒక్క మాట అంటే ఇతను మళ్లీ ఈ గడప తొక్కడు. అనకపోతే ఆ మాట మింగనూ రాదు, కక్కనూ రాదు.

"జిలేబి సల్లారుతుంది," అంది. "తిను."

అతను రెండు గంటలు ఉన్నాడు. అబ్బా ఎలా తిట్టేవాడో అనుకరించి చూపించాడు. వెళ్లేటప్పుడు, రేపు దుకాణంలో పని ఉంది, ఐతారం పొద్దున్నే వస్తానని చెప్పాడు. రెండో కప్పును ఆమె గూట్లో పెట్టకుండా, తన కప్పు పక్కనే బోర్లించింది.

శనివారం పొద్దున ఆమె తలుపు దగ్గరికి వేసి, అరుణ్‌కుమార్ బెల్టుతో పాటు పంపిన కంపెనీ క్యాసెట్‌ను రెండో వైపు ముందు వచ్చేలా పెట్టింది. సరిగ్గా నడుస్తోందో లేదో చూడాలిగా మరి.

పాటల్లోని ఒక్క మాట కూడా ఆమెకు తెలియదు. ఏడో తరగతి దాకా ఉర్దూ బడిలో చదివింది. క్యాసెట్ అట్టల మీద ఇంగ్లీషు పేర్లను ముగ్గు వేసినట్టు చూసి వేసేది. పాటలకు తన పేర్లు తాను పెట్టుకుంది. మొదటిది వాన పాట. రెండోది రైలు ఎక్కించి వచ్చిన పాట, ఎందుకలా అనిపించిందో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. బరాత్ పాట వచ్చినప్పుడు మోకాలు దానంతటదే ఊగింది. యాభై ఏళ్ల మోకాలు, కాస్త నొప్పితోనే ఊగింది. అప్పట్లో ఈ పాటలు ఎలా ఉన్నాయని ఆమెను ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర చాలా ఉండేది.

చివరి పాటలో గిటారు ఒంటరిగా మిగిలింది. ఆమె చేయి డెక్కు దగ్గర లేదు, ఒడిలో ఉంది. అయినా వేళ్లు గాల్లోనే నెమ్మదిగా తిరగసాగాయి. డ్రమ్ము మీద మొదటి దెబ్బ పడింది.

తలుపు దబదబా మోగింది. ఆమె ఉలిక్కిపడి బటన్ నొక్కేసింది.

"ఏందమ్మా ఆ చప్పుడు? రేకుల షెడ్డు మీద రాళ్లవాన వడ్డట్టు!" రాధమ్మ లోపలికి వచ్చింది. మెరూన్ చీర ఆమెదే. "నేనింక నీ మిషిని పాడయిందనుకున్న."

"పాటలే రాధమ్మా. ఇంగ్లీషువి."

"నీకెందుకు తల్లీ ఇంగ్లీషు పాటలు? ఒక్కదానివి ఉంటె గిట్లనే అయితది. మా ఇంటికి రారాదు, సీరియల్ చూద్దాం." చీర అంచు వెలుతురుకు పట్టి, కుట్టు వెతికింది. "అగో, కుట్టు కనవడతనే లేదు. నీ చేయి గట్లుంటది."

"కనవడొద్దనే గద కుట్టేది."

రాధమ్మ వెళ్లిపోయింది. షమ్షున్నీసా డెక్కు ముందు కూర్చుని, ఆగిపోయిన టేపును చూసింది. అప్పట్లో గుండీ పూర్తిగా తగ్గగానే రెండు డెక్కులూ ఆపేసేది. అయిందా బేటీ అని అబ్బా కేక, తర్వాతి వాళ్ల క్యాసెట్. ఈ పాటను ఎన్ని వందల సార్లు ఎక్కించి ఉంటుంది? డ్రమ్ముల తర్వాత ఏముందో మాత్రం ఆమెకు తెలియదు. ఒక్కసారి కూడా వినలేదు. ఇప్పుడు వినొచ్చు, అడిగేవాళ్లు లేరు. బటన్ మీద వేలు పెట్టి, తీసేసింది. ఒంటరిగా వినాలనిపించలేదు.

ఆదివారం పది గంటలకు ముగ్గురూ వచ్చారు. అరుణ్‌కుమార్ ముందు గదిలో కెమెరా నిలబెట్టాడు. స్పీకర్లు గడపకు అటూ ఇటూ పెట్టి, వాటి వైర్లను పరదా కింద నుంచి లోపలికి తోశాడు. "లోపల ఆడోళ్లున్నరు కాబట్టి మేం రాం భాయ్. చప్పుడు చాలు మాకు," అన్నాడు. జహీర్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, కళ్లకు సుర్మా పెట్టుకున్నాడు. బిర్యానీ మాట చెప్పాడు. బాగా చెప్పాడు. ప్రభాకర్ సార్ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

జహీర్ పరదా తొలగించుకుని లోపలికి వచ్చి, స్కూటీ తాళంచెవి డెక్కు పక్కన పెట్టి, ఆమె పక్కన కూర్చున్నాడు. అరుణ్‌కుమార్ ఇచ్చిన కొత్త క్యాసెట్ ఆమె చేతిలో పెట్టాడు. ఆమె పైన కాగితం చింపి, అట్ట చూసింది.

"ఇది తొంభై," అంది గుసగుసగా.

"అయితే?"

"ఒక్కో వైపు నలభై ఐదు. పాట తెగది. తిప్పే అవసరం లేదు."

"ఆపా, వాళ్లు వచ్చిందే దానికోసం. తిప్పాలె."

ఆమె రెండు బటన్లు కలిపి నొక్కింది. వాన పాట మొదలైంది.

ఒక వైపు అయిపోయింది. రెండు క్యాసెట్లూ తిరగేసింది. బరాత్ పాటకు బయట అరుణ్‌కుమార్ ఈల వేశాడు. జహీర్ కూడా తొడ మీద దరువు వేశాడు, అక్కను చూసి నవ్వాడు. ఇద్దరూ ఇలా పక్కపక్కన కూర్చుని ఒక పాట మొత్తం విన్నది ఎప్పుడూ లేదు. అతను ఎప్పుడూ పరదాకు అవతలే ఉండేవాడు.

చివరి పాట వచ్చింది. గిటారు ఒంటరిగా మిగిలింది. బయట ఫ్యాను కూడా ఆపేశారు.

ఆమె చేయి గుండీ మీదే ఉంది, కానీ తిరగలేదు. జహీర్ కళ్లతో సైగ చేశాడు. మోచేత్తో మెల్లగా పొడిచాడు. ఆమె వేళ్లు తీసి ఒడిలో పెట్టుకుంది. అది పగ కాదు. తమ్ముడి మీద కోపం వెతుక్కుంటే ఆ నిమిషంలో ఆమెకు దొరకలేదు. టేపు ఇంకా ఉంది, తర్వాతి వాళ్ల క్యాసెట్ లేదు, పక్కన మనిషి ఉన్నాడు. ఆమెకు వినాలని ఉంది.

డ్రమ్ము మీద మొదటి దెబ్బ పడింది. జహీర్ ముందుకు వంగి గుండీ అందుకుని తిప్పాడు. కుడి స్పీకరు చచ్చిపోయింది. ఎడమది అలాగే దద్దరిల్లుతోంది.

"సార్, కుడి స్పీకర్ పోయింది!" బయట అరుణ్‌కుమార్ లేవబోయాడు.

"కూసో," అంది ప్రభాకర్ సార్ గొంతు. "ఇను."

షమ్షున్నీసా తమ్ముడి మణికట్టు పట్టుకుని, చేయి పక్కకు తీసింది. రెండో చేత్తో చక్రం వెనక్కి తిప్పింది. కుడి స్పీకరు మళ్లీ పలికింది. అతని మణికట్టు వదల్లేదు.

డ్రమ్ములు చాలాసేపు మోగాయి. మొదట అది లొల్లిలాగే ఉంది. తర్వాత ఒక్కో దెబ్బా ఆలస్యం అవుతూ వచ్చింది, మెట్లు ఎక్కలేక ఆగి ఆగి ఎక్కే మనిషిలా. తర్వాత ఆగిపోయింది. కర్రలు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. ఎవరో చిన్నగా దగ్గారు. అంతే. టేపు సన్నగా బుసకొడుతూ తిరుగుతోంది.

ఎక్కడో ఏ దేశంలోనో ఒక గదిలో ఒక మనిషి ఒక్కడే మిగిలి ఆ కర్రలు కింద పెట్టాడు. ఇన్నేళ్లూ అతను అక్కడే ఉన్నాడు, ఆమె గుండీ తిప్పేసిన చోటికి అవతల.

"ఆ దగ్గు..." అరుణ్‌కుమార్ గొంతు తగ్గిపోయింది. "నేనెన్నడు ఇనలే సార్. డిస్కుల గూడ. డ్రమ్ములు రాంగనే తీసేస్తం గద అందరం." తర్వాత గొంతు పెంచాడు. "మరి సన్నగ ఎందుకు చెయ్యలే జహీర్ భాయ్?"

జహీర్ తన మణికట్టు మీది చేతిని చూశాడు. ఆమె వదిలేసింది.

అతను లేచాడు. పరదాను ఒక కొస నుంచి ఇంకో కొస దాకా లాగాడు. రింగులు తీగ మీద గలగలమంటూ వెళ్లి గోడకు చేరాయి. పట్టపగటి వెలుతురు డెక్కుల మీద, ఆమె మోకాళ్ల మీద పడింది. ఆమె గబుక్కున దుపట్టా తల మీదికి లాక్కుంది.

ప్రభాకర్ సార్ అప్పటికే నిలబడి ఉన్నాడు. డబ్బాలోని పాత అట్ట తీసి, చీరల దొంతర మీద, చీటీ పక్కన పెట్టాడు. అరుణ్‌కుమార్ ఆ రెంటినీ చూసి, ఆమెను చూసి, "అమ్మా, మీరేనా..." అన్నాడు. తర్వాత కెమెరా మీది చేయి తీసేశాడు.

ఆమె వాళ్లను చూడలేదు. జహీర్ ఇద్దరి మధ్య నుంచి నడిచి, గడప దగ్గర చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. ఒకటి తిరగబడి ఉంటే బొటనవేలితో సరిచేసుకున్నాడు. వెనక్కి తిరుగుతాడని ఆమె చూసింది.

తాళంచెవి డెక్కు పక్కనే ఉంది. స్కూటీ నీడలో అలాగే ఉంది. టేపు ఇంకా తిరుగుతూనే ఉంది. అతని చెప్పుల చప్పుడు వీధి మలుపు దాకా వినిపించింది.

జహీర్ నడిచే వెళ్లిపోయాడు.